కళ తప్పిందన్నారు

2023 జనవరి 9, సోమవారం. సంక్రాంతికి వారం కూడా లేదు. ఊరంతా సినిమా గాలే. పన్నెండున ‘వీరసింహారెడ్డి’, పదమూడున ‘వాల్తేరు వీరయ్య’. ఏ గోడ చూసినా బాలకృష్ణ, లేకపోతే చిరంజీవి. ఆ హడావిడి నడుమ హైదరాబాద్‌లో ఒక హాలు కిటకిటలాడుతోంది. ‘శాకుంతలం’ ట్రైలర్ విడుదల. కెమెరాలన్నీ గుమ్మం వైపే గురిపెట్టి ఉన్నాయి. ఆమె వస్తుందా, రాదా?

వచ్చింది.

తెల్ల చీర. కళ్లకు అద్దాలు. చేతిలో జపమాల. చాలా నెలల తర్వాత జనం ముందుకు వచ్చిన సమంత. ఒక్క క్షణం గుసగుస. మరుక్షణం ఫ్లాష్‌ల వాన. టప టప టప. అంత వెలుగు ఒక్కసారిగా ముఖం మీద పడితే మామూలు మనిషే రెప్పలార్పుతాడు. ఆ అద్దాలు ఎందుకు పెట్టుకుందో ఆ రోజు ఆ హాల్లో ఎవరూ అడగలేదు. జవాబు మూడు నెలల తర్వాత ఆమే చెప్పింది.

గుణశేఖర్ మైకు అందుకున్నాడు. ‘ఒక్కడు’ తీసిన దర్శకుడు. ‘రుద్రమదేవి’ కోసం ఏళ్లు ధారపోసిన మనిషి. ఈ సినిమాకి హీరో సమంతే అన్నాడు. అంటూ అంటూ గొంతు పూడుకుపోయింది. కింద కూర్చున్న ఆమె కళ్లు నిండాయి. తుడుచుకుంది. కెమెరాలు దాన్నీ వదల్లేదు.

తర్వాత ఆమె వంతు. ఎక్కువ మాట్లాడలేదు. ఎన్ని కష్టాలొచ్చినా ఒకటి మాత్రం మారదంది. తాను సినిమాని ప్రేమిస్తుంది, సినిమా కూడా తనని ప్రేమిస్తుంది. అంతే. చప్పట్లు.

ఇంకో సంగతి. తెర మీద ఆడిన శకుంతల ముఖం 2021 నాటిది. పూలదండలు, పాలరాతి బుగ్గలు, ఎండ పొడ సోకని చర్మం. ఆమె వేషం షూటింగ్ ఆ ఏడే అయిపోయింది. తెర కింద కూర్చున్న ముఖం 2023ది. మధ్యలో జరిగింది రోగం. హాల్లో ఉన్న ప్రతి కంటికీ ఆ రెండు ముఖాలూ పక్కపక్కనే కనిపించాయి. పోల్చడానికి అంతకన్నా తేలికైన ఏర్పాటు ఇంకొకటి ఉండదు.

హాలు ఖాళీ అయింది. ఫొటోలు మాత్రం ఖాళీగా కూర్చోలేదు.

*

ట్విటర్‌లో ఒక ఖాతా. సినిమా కబుర్లు అమ్ముకునే బాపతు. ఆ తెల్లచీర ఫొటో ఎక్కించి, కింద జాలి కురిపించింది. సమంతని చూస్తే బాధేస్తోందట. కళ పోయిందట, మెరుపు పోయిందట. విడాకుల నుంచి గట్టిగా బయటపడింది, సినిమాల్లో అందలమెక్కుతోంది అని అందరూ అనుకుంటున్న వేళ, మయోసైటిస్ వచ్చి మళ్లీ పడగొట్టిందట.

చదివితే తిట్టు కాదు. తిట్టయితే తిప్పికొట్టొచ్చు. ఇది పరామర్శ వేషంలో వచ్చింది. చావింటికొచ్చి ఇల్లు ఎన్ని గజాలో లెక్కేసే చుట్టంలా వచ్చింది.

‘కళ’ అనే మాట మనకు చాలా ముద్దు. పెళ్లికూతురికి పెళ్లికళ. ఇంటికి లక్ష్మీకళ. చవితి నాటి చంద్రుడికి నాలుగో కళ. ఆడపిల్ల ముఖం చూసి కళగా ఉంది అన్నా మనమే, కళ తప్పింది అన్నా మనమే. ఆ తప్పు ఎవరిదో మాత్రం చెప్పం. మాట గాల్లో వదిలేసి వెళ్లిపోతాం. అది పోయి ఎక్కడ తగిలిందో వెనక్కి తిరిగి చూడం.

ఈసారి తగిలిన చోటు నుంచి జవాబు వచ్చింది. కానీ దానికి ముందు మరో గది చూడాలి.

*

చిన్న గది. డబ్బింగ్ థియేటర్. బయటి చప్పుడు లోపలికి రాదు. ఎదురుగా తెర, నోటి ముందు మైకు. మైకు ముందు ఒక మనిషి, వీపు మనవైపు. చేతికి సెలైన్ గొట్టం. ఆ చేతుల్నే పైకెత్తి, వేళ్లు కలిపి హృదయం గుర్తు పట్టింది.

2022 అక్టోబర్ 29న సమంత లోకానికి చూపించిన ఫొటో అది. రెండు రోజుల ముందే ‘యశోద’ ట్రైలర్ వచ్చింది. అద్దె గర్భాల ముఠా కథ. అందులో ఆమె కొడుతుంది, తన్నులు తింటుంది, గోడలు దూకుతుంది. జనం ఈలలు వేశారు. ఆ ఈలల మధ్యే ఆమె అసలు విషయం బయటపెట్టింది. కొన్ని నెలల కిందట మయోసైటిస్ అని తేలింది. కొంచెం నెమ్మదించాక చెబుదామనుకుంది. అనుకున్నదాని కన్నా ఎక్కువ రోజులు పడుతోంది. మంచి రోజులున్నాయి, చెడ్డ రోజులున్నాయి. ఇంకొక్క రోజు కూడా తట్టుకోలేననిపించిన క్షణం కూడా ఎలాగో గడిచిపోతోంది. పూర్తిగా కోలుకుంటావని డాక్టర్లు ధైర్యం చెబుతున్నారు.

‘ఏ మాయ చేసావె’తో 2010లో తెలుగులోకి వచ్చిన ఆమెకు చాలా సినిమాల్లో గొంతు గాయని చిన్మయిది. ‘యశోద’కి తన గొంతు తనే ఇచ్చుకుంది. సెలైన్ ఎక్కుతుండగా. కొట్లాట సీనుకు కేకలు పెట్టాలి. పరుగెత్తే సీనుకు ఆయాసం పలకాలి. గట్టిగా ఊపిరి తీయాలన్నా కండే కదా కదలాలి?

ఆ కండ మీదే దాడి జరుగుతోంది.

*

మయోసైటిస్ అంటే కండరాల వాపు. బయటి పురుగేదీ లోపలికి రాలేదు. ఒంటిని కాపలా కాయాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి సొంత కండరాల మీద పడుతుంది. కంచే చేను మేసినట్టు.

మొదట పడేది పెద్ద కండల మీద. తొడలు, నడుం, భుజాలు, దండచేతులు. జడ వేసుకుందామని చెయ్యి ఎత్తితే చెవి దాకా వచ్చి ఆగిపోతుంది. పీట మీంచి లేవాలంటే గోడ కావాలి. సిటీ బస్సు మొదటి మెట్టు కొండైపోతుంది. కొందరికి గొంతు కండరాలు కూడా పట్టుకుంటాయి. అన్నం ముద్ద దిగదు. ఇంకో రకంలో కనురెప్పల మీద, వేళ్ల కణుపుల మీద ఎర్రటి మచ్చలు. రక్తంలో సీపీకే అనే ఎంజైమ్ చూస్తే ఆకాశంలో ఉంటుంది. కండ నలిగి నలిగి ఆ ఎంజైమ్ రక్తంలోకి కారిపోతోందని అర్థం.

పైకి చూస్తే? ఏమీ తెలియదు. చెయ్యి ఉంది, కాలు ఉంది, మనిషి నడుస్తోంది. కాబట్టి బద్ధకం అంటారు. తర్వాత మందు మొదలవుతుంది. అప్పుడు మాత్రం పైకి తెలుస్తుంది.

ఆ మందు పేరు వినగానే జనం వణుకుతారు. స్టెరాయిడ్. 1948 సెప్టెంబర్‌లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్, కీళ్లవాతంతో మంచాన పడిన 29 ఏళ్ల ఆమెకు కార్టిసోన్ ఇంజెక్షన్లు ఇచ్చాడు. కొద్ది రోజులకే ఆమె లేచి నడిచింది. బజారుకెళ్లింది. లోకం నోరు తెరిచింది. 1950లో హెంచ్‌కి, అతనితో పాటు మరో ఇద్దరికి నోబెల్. కానీ ఆ మందు ఊరికే రాలేదు. ఒక చేత్తో ప్రాణం పోసి, మరో చేత్తో ముఖం మార్చేసింది. బుగ్గలు పొంగుతాయి. మెడ వెనక కొవ్వు చేరుతుంది. మొటిమలు, నూగు, జుట్టు రాలడం. ఆకలి, నిద్ర పట్టకపోవడం, ఉన్నట్టుండి ఏడుపు.

ఆ పొంగిన ముఖానికి డాక్టర్లు పెట్టిన పేరు మూన్ ఫేస్. చంద్రబింబం! మన కవులు వెయ్యేళ్లుగా నాయికకు కట్టబెట్టిన బిరుదు. ఆసుపత్రి చీటీ మీద అది దుష్ఫలితాల జాబితాలో ఉంటుంది.

*

‘యశోద’ విడుదల 2022 నవంబర్ 11. ప్రచారం కోసం సుమ ఎదుట కూర్చుంది సమంత. సుమ అంటే నవ్వు. ఏ వేడుకకైనా మైకు పట్టుకుని హాలంతా నవ్వించే మనిషి. ఆ రోజు ఆమె ఎదుటే సమంత కళ్లు తడిశాయి. ఒక మాట అంది.

అప్పటికే కొన్ని వార్తలు ఆమె జబ్బును ప్రాణాంతకమని రాసేశాయి. ఆ హెడ్డింగులన్నీ ఆమె చదివింది. ఇప్పుడున్న దశలో ప్రాణానికి ముప్పేమీ లేదని చెప్పింది. కష్టంగానే ఉంది, పోరాడుతున్నాను అంది. ప్రస్తుతానికైతే ఇంకా చావలేదని కూడా అంది. నవ్వే ప్రయత్నం చేసింది. అలాంటి హెడ్డింగులు అక్కర్లేదంది.

అంటే రెండు నెలల్లో రెండు తీర్పులు. నవంబర్‌లో చచ్చిపోతోందన్నారు. జనవరిలో బతికొచ్చి ఎదురుగా నిలబడితే, కళ లేదన్నారు.

*

ఆ ట్రైలర్ హాలు నుంచి ఒకసారి బయటికి వద్దాం. ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు పడితే హయత్‌నగర్. ఆ జనవరి వారంలో ఈ రోడ్డు రోడ్డులా ఉండదు, బారులు తీరిన కార్ల తోరణంలా ఉంటుంది. నెత్తిన సూట్‌కేసులు కట్టుకుని ఆంధ్రా వైపు పండక్కి పోయే జనం. పంతంగి టోల్‌గేట్ ఎప్పుడొస్తుందా అని హారన్లు. ఇదే రోడ్డు మీద హయత్‌నగర్ దాటి ఇంకొంచెం పోతే రామోజీ ఫిల్మ్ సిటీ. షూటింగ్ బస్సులు, మేకప్ వ్యాన్లు పొద్దున్నే ఇటు, రాత్రికి అటు. ముఖాలకు రంగులేసే పరిశ్రమ అంతా హయత్‌నగర్ గుమ్మం ముందు నుంచే పోతుంది.

ఊరికి ఆ పేరు హయాత్ బక్షీ బేగం వల్ల. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు. హయాత్ అంటే ప్రాణం. ప్రాణనగరం అనుకోండి.

ఈ ప్రాణనగరంలో ఫంక్షన్ హాళ్లకు కొదవ లేదు. పెళ్లి, ఓణీల ఫంక్షన్, ఇరవై ఒకటో రోజు. ఏ హాల్లోకైనా స్టెరాయిడ్ వాడుతున్న ఆడమనిషి అడుగు పెట్టనీయండి, మయోసైటిసో లూపసో కీళ్లవాతమో ఏదైనా సరే. పేరు అక్కర్లేదు. ఈ సీను మాత్రం అక్షరం పొల్లుపోదు.

“అమ్మో, నువ్వేనా? గుర్తే పట్టలే.”

“మొఖం గిట్ల ఉబ్బిందేంది బిడ్డా?”

“మస్తు తింటున్నట్టున్నవ్. అన్నం తగ్గియ్యి.”

“మొన్న ఫొటోల ఎంత మంచిగున్నవ్. కళంతా పోయింది.”

ఆమె నవ్వుతుంది. నవ్వకపోతే పొగరంటారు. ఏం మందులని అడుగుతారు. చెబుతుంది. స్టెరాయిడ్ అనే మాట పూర్తి కాకముందే పక్క కుర్చీలోంచి ఇంకో గొంతు అందుకుంటుంది: “అమ్మో, గది వాడొద్దు. రేపే బంద్ చెయ్. మా ఆడపడుచు ఊళ్లె ఒకాయన పసరు మందు ఇస్తడు.”

పెళ్లి భోజనం అయిపోతుంది. ఇంటికి పోతుంది. చీర మార్చుకుంటూ అద్దంలో చూసుకుంటుంది. టేబుల్ మీద గోళీల స్ట్రిప్ ఉంది. పొద్దున వేసుకోవాల్సింది.

వేసుకుంటుందా?

ఇక్కడే ప్రాణం మీదికి వస్తుంది. మన కిడ్నీల మీద టోపీల్లా రెండు గ్రంథులుంటాయి. ఒంటికి రోజూ కావలసిన స్టెరాయిడ్‌ను అవే తయారుచేస్తాయి. బయటి నుంచి గోళీ రూపంలో వారాల తరబడి వస్తుంటే, అవి పని మానేసి నిద్రపోతాయి. ఒక్కసారిగా గోళీ ఆపేస్తే లోపల పని చేసేవాడు లేడు, బయటి నుంచి వచ్చేదీ లేదు. నీరసం, వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం. పట్టించుకోకపోతే ప్రాణమే పోవచ్చు. అందుకే డాక్టర్లు డోసును మెట్టు మెట్టుగా దించుతారు. పది నుంచి ఏడున్నర, ఏడున్నర నుంచి అయిదు. పైనుంచి దూకనివ్వరు. ముఖం పొంగు కూడా ఆ మెట్లతో పాటే, కొన్ని నెలల్లో, దానంతటదే దిగుతుంది.

ఫంక్షన్ హాల్లో మాట అన్న మనిషికి ఈ సంగతి తెలియదు. ఆమె నిజంగా ప్రేమతోనే అంది. అదే గొడవ.

హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు బస్సు. అక్కడ మెట్రో ఎక్కితే, రైలు మారకుండా పంజగుట్ట. దిగితే నిమ్స్. ఇలాంటి జబ్బులకు అక్కడ రుమటాలజీ విభాగం ఉంది. ఆ దారి పెద్ద దూరం కాదు. ఇంట్లో అద్దం ముందు నుంచి గోళీల స్ట్రిప్ దాకా ఉండే దూరమే ఎక్కువ.

*

మళ్లీ ట్విటర్. జనవరి 2023. ఆ తెల్లచీర ఫొటో చుట్టూ వేలమంది. ఒకళ్లు అవునంటున్నారు, ఒకళ్లు సిగ్గులేదా అంటున్నారు. సమంత చూసింది. రెండు వాక్యాలు రాసింది.

తాను గడిపినట్టు నెలల తరబడి చికిత్సతో, మందులతో గడపాల్సిన అవసరం మీకెప్పుడూ రాకూడదని కోరుకుంటున్నా అంది. ఆ వెంటనే, మీ మెరుపుకు తోడుగా నా వైపు నుంచి కాస్త ప్రేమ అంది.

అంతే. తిట్టలేదు. ఏడవలేదు. ముఖ్యంగా ఒకటి చేయలేదు. నాకు కళ ఉంది అనలేదు.

బాలీవుడ్ నుంచి వరుణ్ ధావన్ అండగా దూకాడు. ఆ ఖాతాకు బాధా లేదు పాడూ లేదు, క్లిక్కుల కోసం ఆరాటమన్నాడు. మెరుపు కావాలంటే ఇన్‌స్టాగ్రామ్ ఫిల్టర్లలో దొరుకుతుందని ఎత్తిపొడిచాడు. ఇప్పుడే సమంతని కలిశాను, మెరిసిపోతోంది అన్నాడు. మనసున్న మాటే. కానీ చూడండి, అండగా వచ్చిన మాట కూడా మెరుపు దగ్గరికే వచ్చి ఆగింది. మెరుస్తోంది కాబట్టి అనొద్దు అన్నట్టుంది. మెరవకపోతే అనొచ్చా? ఆ తూకాన్నే పక్కన పెట్టింది ఆమె ఒక్కతే. మెరుపు మీరే ఉంచుకోండి అన్నట్టుంది ఆమె మాట.

అదే వారం చివర, జనవరి 15న, ఇంకో నటి ఇన్‌స్టాగ్రామ్‌లో ఎండలో కూర్చున్న సెల్ఫీలు పెట్టింది. ‘యమదొంగ’లో మనం చూసిన మమతా మోహన్‌దాస్. అంతకు ముందే కేన్సర్‌తో పోరాడి వచ్చిన మనిషి. ఒంటి రంగు పోతోందని తనే చెప్పింది. బొల్లి. అదీ రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే కేసే. ఇక్కడ దెబ్బ తినేది చర్మానికి రంగునిచ్చే కణాలు. ఎవరో కనిపెట్టి గుసగుసలాడక ముందే ఎండలోకి ముఖం చాచింది.

*

ఏప్రిల్ వచ్చింది. హైదరాబాద్ ఎండకు పెనంలా కాలుతోంది. ‘శాకుంతలం’ విడుదల ఏప్రిల్ 14. ప్రచారం, ఇంటర్వ్యూలు, ఎదురుగా లైట్లు. అప్పుడు తేలింది అద్దాల సంగతి.

అవి ఫ్యాషన్ కోసం కాదంది. వెలుగు కళ్లలో గుచ్చుకుంటుంది. తలనొప్పి పొడుస్తుంది. నొప్పికి కళ్లు వాచిపోతాయి. నటి బతుకంతా లైట్ల కిందే కదా. వాటినే చూడలేని పరిస్థితి. ముఖం తన చేతిలో లేకుండా పోయిందని చెప్పింది. ఒకరోజు పొంగి ఉంటుంది, ఒకరోజు పీక్కుపోయి ఉంటుంది. పొద్దున అద్దంలో ఎవరు కనిపిస్తారో ఆమెకే తెలియదు.

జనవరి 9న ఆ హాల్లో ఫ్లాష్‌ల వాన కురుస్తుంటే, ఆ అద్దాల వెనక జరిగింది ఇదన్నమాట.

‘శాకుంతలం’ ఆడలేదు. కథ మాత్రం ఒక్కసారి గుర్తు చేసుకోండి. దుర్వాసుడి శాపం. దారిలో ఏట్లో జారిపోయిన ఉంగరం. నిండు చూలాలు రాజసభలో నిలబడింది. కట్టుకున్నవాడు ఎగాదిగా చూశాడు. ఈమె ఎవరో నాకు తెలియదన్నాడు. కాళిదాసు నాటకానికి పెట్టిన పేరులోని ‘అభిజ్ఞానం’ అంటే గుర్తు, ఆనవాలు. సభ అంతా చూస్తుండగా ఆడమనిషిని గుర్తుపట్టకపోవడం ఆ కథకి నడుం. ఆ వేషం కట్టిన నటిని ఆ సినిమా వేడుకలోనే చూసి, ఈమె ఆమె కాదన్నారు. దుష్యంతుడికైనా శాపమనే సాకు ఉంది.

జూలైలో ఆమె నటనకు విరామం చెప్పింది. చేతిలో ఉన్న ‘ఖుషి’ పూర్తిచేసి ఆగింది. సెప్టెంబర్ 1న అది విడుదలైంది. ఆ తర్వాత తెర ఖాళీ.

నోళ్లు ఖాళీగా ఉంటాయా?

*

2024 నవంబర్ మొదటి రోజులు. ‘సిటాడెల్: హనీ బన్నీ’ ఏడో తేదీన రావాలి. పక్కన హీరో ఎవరో కాదు, మెరిసిపోతోందని సాక్ష్యం చెప్పిన వరుణ్ ధావనే. తుపాకులు, పిడిగుద్దులు, పరుగులు. కండలు తినే జబ్బు వచ్చిన మనిషి కండలతో చేసిన పని. ఇన్‌స్టాగ్రామ్‌లో అభిమానులను ప్రశ్నలు అడగమంది. గలగలా వచ్చాయి. ఒకదాని దగ్గర వేలు ఆగింది.

కాస్త బరువు పెరగండి మేడమ్.

మర్యాదగానే అడిగాడు. మేడమ్ అని కూడా అన్నాడు. దాదాపు రెండేళ్ల కిందట పొంగింది, కళ పోయింది. ఇప్పుడు చిక్కింది, బరువు లేదు. కాటా అదే. రాయి మాత్రం ఆ పళ్లెంలోంచి ఈ పళ్లెంలోకి మారింది.

ఈసారి ప్రేమ పంపలేదు. కెమెరాలోకి సూటిగా చూస్తూ మాట్లాడింది. మళ్లీ బరువు మాటా అంది. తన బరువు మీద పెద్ద చర్చే నడవడం చూశానంది. తర్వాత లెక్క చెప్పింది. ఒంట్లో వాపు పెరగకుండా కట్టుదిట్టమైన తిండి తింటోంది, మయోసైటిస్‌కి అది తప్పదు. ఆ తిండి వల్లే బరువు ఒక గీత దాటదు. మనుషుల్ని తూచడం ఆపండి, బతకనివ్వండి అంది. చివర్లో ఏడాది గుర్తుచేసింది: ఇది 2024 అంది.

రెండేళ్లలో ఆమె జవాబు ఇలా మారింది. మొదట ఆశీర్వాదం. తర్వాత పత్యం వివరం. ఒక నటి తన అన్నం పళ్లెంలో ఏముందో ఊరందరికీ అప్పజెప్పుకుంటే తప్ప తన బరువు తనకు దక్కలేదు. హయత్‌నగర్ ఫంక్షన్ హాల్లో స్టెరాయిడ్ డోసు అప్పజెప్పుకునే ఆడమనిషికీ ఈమెకీ తేడా ఫాలోవర్ల సంఖ్య ఒక్కటే.

2025 మే 9న ‘శుభం’ వచ్చింది. నిర్మాత సమంత. సొంత సంస్థ నుంచి మొదటి సినిమా. తెర వెనక నిలబడి తీసింది, తెర మీద ఒక చిన్న వేషంలో మెరిసి వెళ్లింది.

ఈ మాఘంలోనో ఫాల్గుణంలోనో మీరు ఏదో ఒక ఫంక్షన్ హాల్‌కు వెళతారు. పొంగిన ముఖంతోనో పీక్కుపోయిన ముఖంతోనో ఒకామె గుమ్మం దగ్గర కనిపిస్తుంది. పేరు పెట్టి పిలవండి. కింద చాప మీద కాకుండా, చేతులున్న కుర్చీ ఒకటి లాగి వేయండి. ఆ చేతులు ఆనుకుంటేనే ఆమె లేవగలుగుతుంది.